తెలుగు స్పోర్ట్స్ ఛానెల్ లోపల ఏం జరుగుతుంది? ఫీడ్, కామెంటరీ, యాడ్లు, ఖాళీ గంటలు, లోకల్ కబడ్డీ

గోదారిగట్టు:
తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. మూడు ప్రశ్నలున్నాయి.
ఒకటి, స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు విడిగా ఒక ఛానెల్. సోనీ స్పోర్ట్స్ టెన్ 4 లో మాత్రం రిమోట్‌లో ఆడియో మార్చుకుంటే తెలుగు వస్తుంది. రెండింట్లోనూ వినేది తెలుగే అయినప్పుడు ఈ తేడా దేనికి?
రెండు, బంతి బౌండరీ దాటాక గానీ కామెంటరీలో "కొట్టాడు" అని రాదు, కొన్నిసార్లు. తప్పు ఛానెల్‌దా, మన బాక్స్‌దా?
మూడు, సీజన్ లేనప్పుడు పాత మ్యాచ్‌లే తిప్పి తిప్పి వేస్తారు. ఆ టైములో మన జిల్లా స్థాయి కబడ్డీ చూపించాలంటే టోర్నీ వాళ్ల వైపు నుంచి ఏం సిద్ధంగా ఉండాలి?

ఎంసీఆర్_మూర్తి:
మొదటిదానికి నేను చెప్తాను.
స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు 2018 డిసెంబర్‌లో మొదలైంది. సోనీ వాళ్ల టెన్ 4 2021 జూన్‌లో వచ్చింది, తమిళం, తెలుగు రెండూ ఒకే ఛానెల్‌లో. సాంకేతికంగా టెన్ 4 పద్ధతి చవక. ఒకే బొమ్మ, దాని పక్కన రెండు ఆడియో ట్రాక్‌లు. ఉపగ్రహం మీద ఎక్కువ జాగా తినేది బొమ్మే, ఆడియో ట్రాక్‌కి కొన్ని వందల కిలోబిట్లు చాలు.
కానీ బొమ్మ ఒకటే కాబట్టి స్కోరు పట్టీ, యాడ్లు కూడా ఒకటే. విజయవాడ నగల షాపు యాడ్ తెలుగువాళ్లకి మాత్రమే వెయ్యాలంటే కుదరదు. అదే బొమ్మ తమిళం వినేవాళ్లకీ వెళ్తుంది. విడి ఛానెల్ అయితే యాడ్ లాగ్ (ఏ యాడ్ ఎప్పుడు పడాలనే జాబితా) మనది, గ్రాఫిక్స్ తెలుగువి, బ్రేక్‌లో ప్రోమో తెలుగుది. లోకల్ యాడ్ అమ్మకం కావాలంటే విడి ఛానెల్ తప్పదు.
రేటింగ్ సంగతి కూడా ఉంది. టీవీ రేటింగ్ లెక్కలు కట్టే బార్క్ వాళ్ల మీటర్ పట్టుకునేది ఛానెల్ శబ్దంలో కలిపిన వాటర్‌మార్క్ అనే గుర్తుని. అది మన చెవికి వినపడదు, మీటర్‌కి వినపడుతుంది. ఎంసీఆర్‌లో, అంటే ప్రసారం బయటికి వెళ్లే మాస్టర్ కంట్రోల్ రూమ్‌లో, ఆ గుర్తుని కలిపే ఎన్‌కోడర్ పొరపాటున బైపాస్‌లో ఉండిపోయిందనుకోండి. తెర మీద మ్యాచ్ చక్కగా కనిపిస్తుంది, లెక్కలో మాత్రం ఆ సేపు ఎవరూ చూడనట్టే. అందుకే లైవ్‌కి ముందు చెక్ లిస్టులో బొమ్మ, ఆడియో తర్వాత మూడో గడి వాటర్‌మార్క్ డిటెక్టర్ వెలుగుతోందా అన్నదే. మెయిన్ చైన్‌తో (సిగ్నల్ వెళ్లే అసలు దారితో) పాటు బ్యాకప్ చైన్ మీద కూడా చూడాలి. చాలాచోట్ల ఈ రెండోదే మర్చిపోతారు.

యాడ్‌లాగ్:
మూర్తి గారు చెప్పిన యాడ్ సంగతికి లెక్క జోడిస్తాను, అప్పుడే ఛానెల్ పోకడ అర్థమవుతుంది.
కేబుల్ టీవీ రూల్స్ ప్రకారం గంటకి 12 నిమిషాలు దాటకూడదు. అందులో 10 నిమిషాలు వాణిజ్య ప్రకటనలు, 2 నిమిషాలు ఛానెల్ సొంత ప్రోమోలు. మూడున్నర గంటల ఐపీఎల్ ప్రసారానికి 42 నిమిషాలు, అంటే 2,520 సెకన్లు.
ఇప్పుడు మ్యాచ్‌లో ఖాళీ ఎక్కడుంది? ఒక్కో ఇన్నింగ్స్‌లో ఓవర్ల మధ్య 19 బ్రేక్‌లు, రెండు ఇన్నింగ్స్‌కి 38. ఒక్కోదానికి 40 సెకన్లు దొరికినా 1,520. స్ట్రాటజిక్ టైమౌట్లు మొత్తం 4, ఒక్కోటి 150 సెకన్లు, అంటే 600. ఇక్కడికే 2,120. వికెట్లు, రివ్యూలు, గాయాలు దీనికి అదనం. స్పాట్ 10 సెకన్ల లెక్కన అమ్ముతారు కాబట్టి 40 సెకన్ల బ్రేక్‌లో నాలుగు పడతాయి.
గొడవంతా ఐదో స్పాట్ ఇరికించాలని చూసినప్పుడే. బౌలర్ త్వరగా రనప్ మొదలుపెడితే మొదటి బంతి సగంలోంచి చూస్తాం. స్పిన్నర్ నుంచి స్పిన్నర్‌కి ఓవర్ మారేటప్పుడు ఇది ఎక్కువ. ఫీల్డ్ పెద్దగా మారదు, రనప్ చిన్నది. బ్రేక్ రోల్ చేసేవాళ్లకి అనుభవం ఉంటే అక్కడ మూడు స్పాట్లతో ఆపి, నాలుగోది వికెట్ పడ్డప్పటికి దాచుకుంటారు. చూసేవాడి మొదటి బంతి కోసేసి సంపాదించే 10 సెకన్లు ఏ ఛానెల్‌కీ వద్దనేదే నా అభిప్రాయం.

పల్నాటి_రైడర్:
కబడ్డీకి ఈ లెక్క అసలు పనికిరాదు. 20 నిమిషాల హాఫ్, రైడ్‌కి 30 సెకన్లు, ఒక రైడ్ అవగానే అవతలివాడు గీత దాటేస్తాడు. మధ్యలో సందే లేదు. టైమౌట్, రివ్యూ, హాఫ్‌టైమ్, అంతే. అందుకే బొమ్మని ఒక మూలకి కుదించి పక్కనా కిందా యాడ్ పెడతారు. డూ ఆర్ డై రైడ్‌లో (పాయింట్ తేకపోతే రైడర్ అవుటయ్యే రైడ్) అలా కుదించడం మహా పాపం. బోనస్ గీత కనిపించదు.

ఫేడర్_సుజాత:
రెండో ప్రశ్నకి నేను చెప్తాను.
గ్రౌండ్ నుంచి వచ్చే వరల్డ్ ఫీడ్‌లో (అన్ని ఛానెళ్లకీ ఒకటే అందే సిగ్నల్) హెచ్‌డీ బొమ్మతో పాటు 16 ఆడియో ఛానెళ్ల వరకూ ఇమిడి వస్తాయి. ఉదాహరణకి 1, 2 లో ఇంగ్లిష్ కామెంటరీతో పూర్తి మిక్స్, 3, 4 లో కామెంటరీ లేని స్టేడియం శబ్దం. ఏ జతలో ఏముందో హోస్ట్ (ఆ ఫీడ్ తయారుచేసేవాళ్లు) ఇచ్చే షీట్‌లో ఉంటుంది, టోర్నీకీ టోర్నీకీ మారుతుంది. ప్రాంతీయ ఫీడ్‌కి కావలసింది రెండోది. మనవాళ్లు చాలావరకు స్టేడియంలో ఉండరు. స్టూడియోలో మానిటర్ చూస్తూ చెప్తారు. వాళ్ల గొంతుని ఆ స్టేడియం శబ్దం మీద కలిపి, మళ్లీ బొమ్మలోకి ఎక్కిస్తాం.
ఆలస్యం వచ్చేది ఇక్కడే. బొమ్మ గ్రాఫిక్స్ మెషీన్‌లోంచి, ఫ్రేమ్ సింక్‌లోంచి (బొమ్మల టైమింగ్ కలిపే పరికరం) వెళ్తే ఒక్కోచోట ఒక్కో ఫ్రేమ్ వెనకబడుతుంది. మన దగ్గర సెకనుకి 25 ఫ్రేములు, ఫ్రేముకి 40 మిల్లీసెకన్లు. శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా మనిషి పసిగడతాడు. వెనకబడితే మాత్రం దాదాపు 125 వరకూ పెద్దగా పట్టదు. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ పరీక్షల్లో తేలిన అంకెలివి. అంటే ముందుకి జరగడమే ఎక్కువ ప్రమాదం. ఆడియోకి డిలే ఇవ్వడం మర్చిపోతే జరిగేది సరిగ్గా అదే.
కామెంటేటర్ ఇంటి నుంచి లేదా వేరే ఊరి నుంచి చెప్తుంటే లెక్క పెద్దదవుతుంది. బొమ్మ ఆయన దగ్గరికి చేరడానికి 500 మిల్లీసెకన్లు, గొంతు తిరిగి రావడానికి 300 అనుకోండి. మొత్తం 800, అంటే 20 ఫ్రేములు. బొమ్మనీ స్టేడియం శబ్దాన్నీ కలిపి 20 ఫ్రేములు ఆపి ఉంచి, అప్పుడు గొంతు కలపాలి. అలా ఆపకపోతే గోదారిగట్టు గారు అడిగినట్టే ఉంటుంది. బంతి తాడు దాటాక "కొట్టాడు" వినపడుతుంది.
ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. స్టంప్ మైక్‌లో బ్యాట్ తగిలిన టక్కుమనే శబ్దం వినండి. ఆ టక్కు బొమ్మతో కలిసి వచ్చి, కామెంటరీ ఒక్కటే వెనకబడితే ఛానెల్‌లో కామెంటరీ దారిది తప్పు. టక్కు కూడా వెనకబడితే మీ బాక్స్, సౌండ్‌బార్ వైపు చూడండి.

గోదారిగట్టు:
చాలా బాగా చెప్పారు సుజాత గారూ. ఒక్కోసారి తెలుగు కామెంటరీ కింద సన్నగా ఇంగ్లిష్ గొంతు కూడా వినిపిస్తుంది. అదేంటి?

ఫేడర్_సుజాత:
ఎక్కువసార్లు బ్యాకప్ దారి వల్ల. మెయిన్ ఫైబర్ పోయి ఉపగ్రహ ఫీడ్‌కి మారినప్పుడు, అందులో ఆడియో జతల వరుస వేరుగా ఉంటే 3, 4 స్థానంలో ఇంగ్లిష్ మిక్స్ వచ్చి కూర్చుంటుంది. టెస్టింగ్‌లో బొమ్మ చూసి సరే అనేస్తారు. ప్రతి జతనీ విడివిడిగా విని సంతకం పెట్టాలి.
రీప్లేలప్పుడు మాత్రమే వినిపిస్తే రీప్లే మెషీన్‌లో పూర్తి మిక్స్ రికార్డ్ అవుతోందని అర్థం. ఇక బహుమతుల వేళ వినిపించేది తప్పు కాదు. అక్కడ మాట్లాడేది ఇంగ్లిష్‌లోనే, మనవాళ్లు దాని మీద తెలుగులో చెప్తారు. మంచి మిక్సర్ అయితే మొదటి రెండు సెకన్లు అసలు గొంతు వినిపించి, తర్వాత దాన్ని బాగా తగ్గించి తెలుగు తెస్తారు.
ఇంకో మాట. స్టేడియం హోరు తగ్గించేసి కామెంటరీ ఒక్కటే మోగించే అలవాటు ఉంది, అది మ్యాచ్‌ని చంపేస్తుంది. వికెట్ పడ్డాక గొంతు ఆపి, జనం అరుపుని నాలుగైదు సెకన్లు వదలాలి. ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాల్ రావు లాంటి ఆడినవాళ్లు కామెంటరీలోకి వచ్చాక విశ్లేషణ పెరిగింది. మిక్స్ కూడా దానికి తగ్గట్టు ఊపిరి పీల్చుకోవాలి.

డిష్_సెట్‌రైట్:
ఇంటి వైపు చూడాల్సినవి చెప్తాను. సౌండ్‌బార్ తీసేసి టీవీ స్పీకర్‌లో వినండి. తేడా పోతే సౌండ్‌బార్ సెట్టింగ్‌లో ఆడియో డిలే మార్చండి. బాక్స్‌లో ఆడియో డాల్బీ నుంచి స్టీరియోకి మార్చి చూడండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ అయితే ఆలస్యం సహజం. టెన్ 4 లో తెలుగు రాకపోతే బాక్స్ మెనూలో డిఫాల్ట్ ఆడియో భాష చూసుకోవాలి, కొన్ని బాక్సులు ఛానెల్ మార్చగానే మొదటి ట్రాక్‌కి పోతాయి.
ఫోన్ యాప్‌లో మ్యాచ్ వెనకబడటం వేరే సంగతి. యాప్ బొమ్మని ముక్కలు ముక్కలుగా దించుకుంటుంది. 6 సెకన్ల ముక్కలు మూడు చేతిలో పెట్టుకుని ఆట మొదలెడితే అక్కడికే 18 సెకన్లు. డీటీహెచ్ ఉన్న పక్కింటివాళ్లు ముందే అరుస్తారు. దానికి మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఒత్తు_పొల్లు:
తెలుగు గ్రాఫిక్స్ గురించి ఎవరూ ఎత్తలేదు, నాకు అదే ముఖ్యం. ఇంగ్లిష్ కోసం గీసిన స్కోరు పట్టీలో తెలుగు పేరు పోస్తే ఒత్తులు కింద తెగిపోతాయి. "అయ్యర్" లో య ఒత్తు, "కృష్ణ" లో ణ ఒత్తు పట్టీ అంచు కిందకి పోయి కనిపించవు. పట్టీ ఎత్తులో అక్షరానికి సగం మాత్రమే ఇచ్చి, పైన గుడి దీర్ఘానికి, కింద ఒత్తుకి మిగతా సగం వదలాలి. సన్నని ఫాంట్ పనికిరాదు. ఎస్‌డీలో ఇంటర్‌లేస్ వల్ల సన్నని గీతలు వణుకుతాయి.
పాత గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ అయితే ఒత్తుని అసలు కలపదు, అక్షరం పక్కన పొల్లు వేసి వదిలేస్తుంది. టోర్నీకి ముందు ఆటగాళ్ల పేర్ల పట్టిక మొత్తం ఒకసారి తెర మీద ఎక్కించి చూసుకోవాలి. లైవ్‌లో బౌలర్ మారినప్పుడు దొరికితే అప్పటికే ఆలస్యం. అంకెలు మాత్రం 1, 2, 3 లే ఉంచాలి. తెలుగు అంకెలు వేస్తే స్కోరు ఒక్క చూపులో అందదు.

ఎఫ్‌పీసీ_రాణి:
ఖాళీ గంటల మాట. ఛానెల్‌కి వారం వారం ఒక ప్రోగ్రాం చార్ట్ ఉంటుంది, మేం ఎఫ్‌పీసీ అంటాం. ముందు అందులో లైవ్‌లు కూర్చుంటాయి. రాత్రి 7:30 మ్యాచ్ అంటే టాస్ 7కి, ప్రీ-షో దానికి ముందు. మిగిలిన గంటలే మీరు తిట్టుకునేవి.
అవే మ్యాచ్‌లు ఎందుకు తిరుగుతాయంటే హక్కుల వల్ల. హక్కులు కొన్నప్పుడే రిపీట్‌లు ఎన్ని, ఎప్పటివరకు అన్నది ఒప్పందంలో రాసి ఉంటుంది. చేతిలో ఉన్న సరుకు అదే, దాని మీద కొత్త ఖర్చు లేదు. తెలుగు కామెంటరీతో ఆర్కైవ్ ఉన్నది కూడా చాలావరకు ఛానెల్ పెట్టిన తర్వాతి మ్యాచ్‌లకే. అది లేనివి తెలుగులో వెయ్యాలంటే కొత్తగా గొంతు పెట్టించాలి.
హైలైట్స్ కొయ్యడం తేలికని అనుకుంటారు. అరగంట స్లాట్‌లో యాడ్లు 6 నిమిషాలు పోగా మిగిలేది 24 నిమిషాలు, అంటే 1,440 సెకన్లు. టీ20లో బంతులు 240. రనప్ నుంచి ఫలితం వరకు బంతికి 12 సెకన్లు వేసుకుంటే 120 బంతులే పడతాయి, రీప్లే ఒక్కటీ లేకుండా. కాబట్టి సిక్సులు, ఫోర్లు, వికెట్లు పెట్టేస్తారు. అలా పెడితే మ్యాచ్ ఎక్కడ తిరిగిందో తెలీదు. 17వ ఓవర్లో నాలుగు డాట్ బంతులు పడబట్టే 18లో సిక్స్‌కి పోయి అవుటయ్యాడు. ఆ డాట్‌లలో రెండైనా ఉంచాలి. ఉంచిన ఎడిటర్‌ని నేను నెత్తిన పెట్టుకుంటాను.
వాన పడే అవకాశం ఉన్న రోజు గంట, అరగంట, పది నిమిషాల నిడివిలో మూడు ప్యాకేజీలు సర్వర్‌లో ఎక్కించి ఉంచుతాం. ఆట ఎప్పుడు మొదలైనా మధ్యలో కోసి వెళ్లగలిగేలా వాటికి రెండు మూడు నిమిషాలకో ముగింపు ఉండాలి.
లోకల్ కబడ్డీకి జాగా ఉందా అంటే, ఉంది. పెద్ద టోర్నీ లేని నెలల్లో సాయంత్రం స్లాట్ దొరుకుతుంది. కావలసింది నమ్మదగిన సిగ్నల్, ఆరోజు కచ్చితంగా చెప్పిన టైముకి మొదటి రైడ్. ముఖ్య అతిథి రాలేదని 40 నిమిషాలు ఆపితే అవతల స్లాట్ కూలిపోతుంది. సన్మానాలు ప్రసారానికి ముందో తర్వాతో పెట్టుకోండి.

ఓబీ_వ్యాన్:
రాణి గారు "నమ్మదగిన సిగ్నల్" అన్నారు కదా, దాని ముడిసరుకు ఇదీ.
కెమెరాలు కనీసం 6. మొదటిది మధ్యగీతకి ఎదురుగా 5, 6 మీటర్ల ఎత్తులో, రెండు వైపులా లాబీలతో సహా మ్యాట్ మొత్తం పట్టాలి. దాని పక్కనే రెండోది క్లోజప్‌కి. మూడు, నాలుగు ఎదురెదురు మూలల్లో కింద, రైడర్ ముఖం కోసం. ఐదు, ఆరు కదలకుండా బిగించినవి, ఒక్కో హాఫ్‌లో గీత మీద.
లైటు నిలువు కొలతలో (మీటర్‌ని నిలబెట్టి కొలిస్తే) వెయ్యి లక్స్ పైన ఉండాలి, నాలుగు మూలల్లోనూ మీటర్ పెట్టి చూడాలి. మధ్యలో 1,200, మూలలో 400 ఉంటే కార్నర్ డిఫెండర్ పట్టిన యాంకిల్ హోల్డ్ చీకట్లో పోతుంది. చవక ఎల్‌ఈడీలు 50 హెర్ట్జ్ కరెంటు మీద మినుకుతాయి. మామూలు కెమెరాకి షటర్ 1/50 లేదా 1/100 పెడితే సరిపోతుంది, స్లోమోషన్‌లో మాత్రం బయటపడిపోతుంది. స్లోమో కావాలంటే మినుకు లేని డ్రైవర్ (లైటుకి కరెంటు ఇచ్చే సర్క్యూట్) ఉన్న లైట్లే పెట్టించాలి.
కేబుల్ సంగతి. హెచ్‌డీ సిగ్నల్‌కి మంచి కోయాక్స్ (రాగి తీగ) కేబుల్ మీద 80 మీటర్లు దాటొద్దు, దాటితే ఫైబర్. కోయాక్స్ చివరికి వచ్చేసరికి బొమ్మ మెల్లగా పాడవదు. బాగానే ఉండి ఉండి, ఉన్నట్టుండి చుక్కలు మెరిసి నల్లబడుతుంది. పొద్దున టెస్ట్‌లో పాసై సాయంత్రం పోయేది ఇలాంటిదే.
కరెంటు. లైట్లకి ఒక జనరేటర్, ప్రసారానికి వేరే జనరేటర్, ప్రసారం వైపు ఆన్‌లైన్ యూపీఎస్. ఒకే దాని మీద వేస్తే డీజే సిస్టం బేస్ కొట్టినప్పుడల్లా వోల్టేజీ కుంగుతుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే కామెంటరీలో 50 హెర్ట్జ్ హమ్ వస్తుంది, దాన్ని తర్వాత తీసెయ్యడం కష్టం.
సౌండ్‌కి మధ్యగీత రెండు చివర్లా షాట్‌గన్ మైకులు, మ్యాట్ అంచున రెండు ఫ్లోర్ మైకులు. కూత, టాకిల్ పడ్డప్పటి దబ్బు వినపడకపోతే కబడ్డీ సగమే.
స్కోరు వేసేవాడు స్కోరర్ బల్ల పక్కనే కూర్చోవాలి, ప్రసార వ్యాన్‌లో కాదు. ఆలౌట్‌కి వచ్చే 2 పాయింట్లు, బతికొచ్చిన ఆటగాడి లెక్క ఎక్కువగా తప్పేవి. తెర మీద స్కోరుకీ అధికారిక షీట్‌కీ ప్రతి టైమౌట్‌లో సరిచూసుకోవాలి.

పల్నాటి_రైడర్:
ఓబీ అన్నా, ఐదు, ఆరు కెమెరాల గురించి ఒక సవరణ. "గీత మీద" అంటే ఏ గీతో చెప్పాలి. బాక్ లైన్ (రైడర్ తప్పక దాటాల్సిన గీత) మధ్యగీత నుంచి 3.75 మీటర్లు, బోనస్ లైన్ దానికి ఇంకో మీటరు వెనక, 4.75 దగ్గర. గొడవలు ఎక్కువ బోనస్ మీదే. కెమెరా కచ్చితంగా 4.75 గీతకి సూటిగా, మోకాలి ఎత్తులో ఉండాలి. అర మీటరు పక్కకి జరిగినా పాదం గీత దాటినట్టే కనిపిస్తుంది, దాటకపోయినా.
ఫ్రేమ్‌లో రెండు కాళ్లూ ఉండాలి. బోనస్‌కి ముందు కాలు గీత దాటాలి, అదే సమయంలో వెనక కాలు గాల్లో ఉండాలి. ముందు పాదం మీదే జూమ్ బిగిస్తే వెనక కాలు ఫ్రేమ్ బయట పడిపోయి రివ్యూకి ఆధారమే ఉండదు. డిఫెన్స్‌లో ఆరుగురో అంతకన్నా ఎక్కువో ఉన్నప్పుడే బోనస్ కాబట్టి, తెర మీద మిగిలిన ఆటగాళ్ల సంఖ్య ఎప్పుడూ కనిపిస్తుండాలి. చూసేవాడికి ఆ రైడ్ అర్థం కావాలంటే అదే కావాలి.

ఓబీ_వ్యాన్:
ఒప్పుకుంటున్నాను, 4.75 సరైనది.

ఎంసీఆర్_మూర్తి:
సిగ్నల్ పంపే దారి, అనుమతి గురించి కూడా చెప్పేస్తాను.
ఫైబర్ దొరికితే అదే మొదటి దారి. ఇంటర్నెట్ మీద ఎస్‌ఆర్‌టీ అనే లైవ్ వీడియో పద్ధతితో పంపితే హెచ్.264 కంప్రెషన్‌లో 15 నుంచి 20 ఎంబీపీఎస్. ముందు రెండు చివర్ల మధ్య రానుపోను సమయం కొలవండి. అది 60 మిల్లీసెకన్లయితే ఎస్‌ఆర్‌టీ లేటెన్సీ (బొమ్మని ఆపి ఉంచే సమయం) కనీసం దానికి నాలుగు రెట్లు, 240. నేనైతే 800 పెడతాను. లైవ్‌లో అర సెకను ఆలస్యం ఎవరికీ పట్టదు, బొమ్మ చెదిరితే అందరికీ పడుతుంది.
చాలా సిమ్‌ల డేటా కలిపి సిగ్నల్ పంపే బ్యాక్‌ప్యాక్ పరికరాన్ని బ్యాకప్‌గా ఉంచుకోండి. ఖాళీ స్టేడియంలో 30 ఎంబీపీఎస్ చూపించిన టవర్, ఐదు వేలమంది ఫోన్లతో వచ్చి కూర్చున్నాక 3 కూడా ఇవ్వదు. అందుకే టెస్ట్ మొదటిరోజు జనం ఉండగానే చెయ్యాలి, యాంటెన్నా పైకప్పు మీద పెట్టాలి. ఉపగ్రహ వ్యాన్ కేయూ బ్యాండ్ (ఒక ఫ్రీక్వెన్సీ శ్రేణి) అయితే వానాకాలంలో సిగ్నల్ కుంగుతుందని గుర్తుంచుకోండి.
అనుమతి సంగతి. 2022 అప్‌లింకింగ్ మార్గదర్శకాలు వచ్చాక లైవ్ ఈవెంట్‌కి విడిగా పర్మిషన్ అక్కర్లేదు, ఛానెల్ ముందుగా రిజిస్టర్ చేస్తే చాలు. అది ఛానెల్ పని. మీరివ్వాల్సింది అసోసియేషన్ నుంచి ప్రసార హక్కుల లేఖ, వేదిక వాళ్ల అంగీకారం, స్టేడియంలో మోగించే పాటలకి లైసెన్స్. మూడోది చాలామంది వదిలేస్తారు. తర్వాత అదే వీడియో యూట్యూబ్‌లో పెట్టినప్పుడు ఆడియో మూగబోతుంది.

గోదారిగట్టు:
లైవ్ కాకుండా రికార్డ్ చేసి మర్నాడు ఇస్తే తీసుకుంటారా?

ఎఫ్‌పీసీ_రాణి:
తీసుకుంటారు, మొదటి ఏడాదికి నేను చెప్పేది కూడా అదే. ఫైల్ ఎక్స్‌డీక్యామ్ హెచ్‌డీ 422 ఫార్మాట్‌లో 50 ఎంబీపీఎస్, 1080ఐ, సెకనుకి 25 ఫ్రేములు. ఫోన్‌తో, డ్రోన్‌తో 30 ఫ్రేముల్లో తీసినవి మధ్యలో కలిపితే కదలిక ఎగిరెగిరి పడుతుంది, అన్నీ 25 కో 50 కో ముందే పెట్టుకోండి. లౌడ్‌నెస్ ఛానెల్ ఇచ్చే స్పెక్ షీట్ ప్రకారం ఉండాలి, చాలాచోట్ల మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం స్థాయి కొలత) అడుగుతారు. ఆడియో 1, 2 లో తెలుగు కామెంటరీతో మిక్స్, 3, 4 లో స్టేడియం శబ్దం ఒక్కటే ఇవ్వండి. స్కోరు పట్టీ లేని క్లీన్ కాపీ ఇంకోటి పక్కన ఉంచండి, ప్రోమో కట్ చెయ్యడానికి అదే పనికొస్తుంది. బ్రేక్ పాయింట్ల టైమ్‌కోడ్‌లు షీట్‌లో రాసివ్వాలి, ఏ బ్రేకూ రైడ్ మధ్యలో పడకుండా. ఫైల్ మర్నాడు మధ్యాహ్నం 12 లోపు చేరితే క్వాలిటీ చెక్‌కి రెండు మూడు గంటలు పోయినా సాయంత్రం 6 స్లాట్ అందుతుంది.

గోదారిగట్టు:
రికార్డింగ్‌తోనే మొదలుపెట్టమని కమిటీ వాళ్లకి చెప్తాను. ఐదు, ఆరు కెమెరాల స్టాండ్లు 4.75 దగ్గర పెట్టించేలా మ్యాట్ పరిచేవాళ్ల చేతికి కొలతల కాగితం కూడా ఇప్పిస్తాను.

పల్నాటి_రైడర్:
మ్యాట్ పరిచాక ఒకసారి, మొదటి మ్యాచ్ అయ్యాక ఇంకోసారి టేప్ పెట్టండి. ముక్కలు ముక్కలుగా కలిపే మ్యాట్ ఆట ఒత్తిడికి జరుగుతుంది, గీత జరిగితే కెమెరా కూడా జరపాలి.